అభ్యర్థి మరణించిన పక్షంలో

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నన్ను ఎవరూ దేనికీ అనుమానించేవారు కాదు. అనుమానించడానికి కావలసినంత సరుకు నాలో కనపడేది కాదు మరి. గుంటూరు నుంచి బెంగళూరు వచ్చి, వర్తూరులో మా పిన్నివాళ్ళ ఫ్లాటులో ఒక గదిలో ఉండేవాణ్ణి. ఆ అపార్ట్‌మెంటు సంఘానికి ఎన్నికలొచ్చినప్పుడు, ఓటు లేని మనిషైతే ఎవరి పక్షమూ ఉండడని నన్ను ఎన్నికల అధికారిని చేశారు. (ఇంట్లో ఏ కూర కావాలో చెప్పుకోవడమే వీడికి రాదు, ఇక పక్షం ఎక్కడ పడతాడని మా బాబాయి హామీ ఇచ్చాడు.)

అధ్యక్ష పదవికి ఇద్దరు పోటీ. ఒకరు ట్యాంకర్ తాత. తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగు కుటుంబం. మా అపార్ట్‌మెంటు లేచిందే వాళ్ళ రాగి చేలో. నీళ్ళ ట్యాంకరు ఎక్కడున్నా ఒక్క ఫోనుతో మా గేటు ముందుకు రప్పించగలడు. రెండోవారు రూల్స్ మేడమ్. విజయవాడలో కాలేజీ ప్రిన్సిపాలుగా రిటైరై ఇక్కడ ఫ్లాటు కొనుక్కున్నారు. ఆ ట్యాంకర్లన్నీ తాత బంధువులవేనని ఆవిడ అనుమానం. ఆవిడ గెలిస్తే ట్యాంకర్లకే రూల్స్ పెట్టి నీళ్ళ చుక్క రానివ్వదని ఆయన అనుమానం. చెరువు పక్కనే ఉన్నా మా బోర్లు ఎండిపోయిన వేసవి అది. ఎవరు గెలిస్తే స్నానాలకు నీళ్ళుంటాయన్నదే అందరి బెంగా.

పోలింగుకు ముందురోజు తాత కళ్ళు తిరిగి పడిపోయాడు. ఆసుపత్రిలో చేర్చారు. సానుభూతి ఓట్ల కోసం నాటకమని మేడమ్ వర్గం గుసగుస. ప్రచారానికి వెళ్ళి ఆవిడ ఇంట్లో మజ్జిగ తాగడం వల్లేనని తాత వర్గం గుసగుస. నేను సంఘం నిబంధనలు తీసి చదివాను. అభ్యర్థి జబ్బుపడితే ఎన్నిక ఆగదు. మరణిస్తే ఆగుతుంది, మళ్ళీ నామినేషన్లు. స్పృహ లేకుండా పడి ఉంటే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ రాయలేదు. “బాబూ, ఆయన కండిషన్ ఏంటో మీరే ఇండిపెండెంట్‌గా కన్ఫర్మ్ చెయ్యాలి. వాళ్ళు చెప్పింది నమ్మకండి. మేం చెప్పిందీ నమ్మకండి,” అన్నారు మేడమ్. (దాంతో ఆ పూట పిన్ని ఇచ్చిన మజ్జిగ కూడా వాసన చూసి తాగాను.)

పోలింగు రోజు, ఆదివారం పొద్దున తాత అల్లుడికి ఫోను చేసి, ఆయనకెలా ఉందని అడిగాను. అతను మెట్లు దిగుతున్నట్టు ఆయాసపడుతూ, “మామ తెల్లారే పోయినాడప్పా. మేమూ బయల్దేరతా ఉండాము,” అని పెట్టేశాడు.

క్లబ్‌హౌసు ముందు వరస కట్టినవాళ్ళకి విషయం చెప్పి, నిబంధన చదివి, ఎన్నిక నిలిపేస్తున్నానని తడికళ్ళతో ప్రకటించాను. (గొంతు బాగా పలికిందని పిన్ని తర్వాత మెచ్చుకుంది.) అందరికంటే ముందు మేడమే కుర్చీలో కూలబడ్డారు. కాసేపటికి లేచి, ఆయన ఆ ఎండల్లో రోడ్డుకు అడ్డంగా నిలబడి ట్యాంకరును మన గేటు వైపు తిప్పించకపోతే పసిపిల్లలున్న ఇళ్ళు ఏమయ్యేవని, ఆ మాట ఆయనతో ఒక్కసారీ అనలేకపోయానని కళ్ళు తుడుచుకున్నారు. అందరం తలలు వంచి మౌనంగా నిలబడ్డాం.

అప్పుడు గేటు దగ్గర ఆటో ఆగింది. నున్నగా గడ్డం గీయించుకుని, తెల్లచొక్కా తొడుక్కున్న తాత లోపలికొచ్చాడు. మమ్మల్ని చూసి చెప్పులు విడిచి, నా పక్కన తల వంచుకుని నిలబడ్డాడు. కొంతసేపయ్యాక నా చెవిలో మెల్లగా అడిగాడు.

“ఎవరప్పా పోయింది?”

“మీరే తాతా,” అన్నాను.

వాళ్ళ మాటలో పోవడమంటే వెళ్ళడమే. ఆయన పోయింది సెలూన్‌కి. ఓటు వెయ్యడానికి మాసిన గడ్డంతో రాకూడదని ఆసుపత్రి నుంచి నేరుగా అక్కడికి వెళ్ళాడట.

ఇక గోల మొదలైంది. చనిపోయి తిరిగొచ్చిన అభ్యర్థి గురించి నిబంధనల్లో ఏమీ లేదు. మరో వారం చూద్దామన్నారు కొందరు. మేడమ్ ఒప్పుకోలేదు. “చనిపోతేనే ఆపమని రూల్. ఆయన ఎదురుగా ఉన్నారు. పోలింగ్ స్టార్ట్ చెయ్యండి బాబూ.” ఇందాక తనన్న మాటలే తనను ఓడిస్తాయని ఆవిడకు తెలియక కాదు. అలాగే ఓడించాయి. తాత మంచి మెజారిటీతో గెలిచాడు.

ఆ సాయంత్రం ఆయన నన్ను పిలిచి, “నన్ను చంపి ఎలక్షను ఆపమని నీకెవరు చెప్పినారప్పా?” అని ఎంతో ప్రేమగా ఆరా తీశాడు. మేడమ్ మాత్రం, తాత అల్లుడూ నేనూ కూడబలుక్కునే ఇదంతా చేశామని చాలాకాలం నమ్మారు. లిఫ్టులో నేనుంటే మెట్లెక్కేవారు. కొత్త కమిటీ తొలి సమావేశంలోనే, అభ్యర్థి మరణాన్ని అధికారి స్వయంగా చూసి నిర్ధారించుకోవాలని ఆవిడ తీర్మానం రాశారు. తాతే బలపరిచాడు. వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడటం అదే మొదలు.

ఇప్పుడు నేనూ ఈ ఊళ్ళో పాతవాణ్ణే. కిందికొచ్చేశాను సార్ అని డెలివరీ కుర్రాడు చెప్పినా బాల్కనీలోంచి చూశాకే నమ్ముతాను. మా ఆవిడ దాన్ని చాదస్తం అంటుంది. ఒక్కోసారి, ఫోనులో విన్న ఒక్క మాటకే అంతమంది ముందు కళ్ళు తడిచేసుకున్న ఆ అధికారి గుర్తొచ్చి నవ్వుకుంటాను. నవ్వాక, అంత తేలిగ్గా ఇప్పుడు ఎవరి కోసమైనా ఏడవగలనా అనిపిస్తుంది.