ముసురులో పల్లీపట్టీ

ఆగని ముసురులో పల్లీపట్టీ చేసిన ఘనత పాల్వంచలో నాదే. జూలూరుపాడు కిరాణా కొట్టులో పుట్టి పెరిగినదాన్ని కదా, చెమ్మగిల్లిన బెల్లాన్ని బేరమాడి సగం ధరకే తెచ్చాను.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. పెళ్లయ్యాక మా చర్చిలో నాకది మొదటి కోతల పండుగ. ఇళ్ల నుంచి తెచ్చిన పంటలూ పిండివంటలూ వేలం వేసి, ఆ డబ్బు చర్చికి జమ చేస్తారు. కొత్త కోడలి వంట ఎంత పలికితే ఆమెకంత పేరు.

"వానల పట్టీ వద్దు బిడ్డా, తడిగాలికి మెత్తబడ్తది. మురుకులు చేద్దాం" అంది అత్తమ్మ.

"పాకం ముదరబెడితే వానేం చేస్తదత్తమ్మా?" అన్నాను.

ఇంట్లో పట్టీ పెళుసుగా విరిగింది. పళ్లెంలో పేపరు పరిచి, మూతైనా పెట్టకుండా తీసుకెళ్లాను. మా వంతు వచ్చేసరికి గాలి తన పని చేసేసింది. వేలం వేసే సంఘపెద్ద ఒక ముక్క పట్టుకుంటే, పట్టీ మొత్తం పేపరుతో సహా పైకి లేచింది.

"ఏందమ్మా గిది? తినాల్నా, గోడకు అతికియ్యాల్నా?"

చర్చి ఘొల్లుమంది. "ఐదు రూపాయలు!" అని వెనక నుంచి ఎవరో వెక్కిరించారు. అత్తమ్మ తల దించుకుంది. నాకు ఒళ్లు మండింది.

"యాభై!" అని లేచాను. ఆగకుండా నేనే మళ్లీ, "వంద!"

"నీ పాట మీద నువ్వే పాడుతున్నవమ్మా."

"అవ్, ఎరుకే. రాసుకోండి."

పుట్టి బుద్ధెరిగాక ధర తగ్గించమనకుండా పెంచింది ఆ ఒక్కసారే. ఇప్పటికీ ముసురులో పట్టీ చేస్తాను, కాకపోతే చల్లారగానే డబ్బాలో వేసి మూత బిగిస్తాను.

ఇక అసలు లెక్క. బెల్లంలో మిగిలింది ఎనిమిది రూపాయలు, నా పట్టీకి నేనే కట్టింది వంద. పేపరు ఒలుచుకుంటూ తిన్నది అత్తమ్మా, నేనూ.