విస్తట్లో పొగాకు

నా చిన్నప్పుడు మా లంకలో పొగాకు వెయ్యని ఇల్లు ఉండేది కాదు. తెల్లవాళ్ళ కాలంలో రైతులు తిండిగింజలు మానేసి నీలిమందు ఎందుకు పండించారు అమ్మమ్మా అని నిన్న ఫోన్లో అడిగారు కదా. మీ పుస్తకంలో ఏం రాశారో నాకు తెలియదు. మా నాన్నను కన్న మామ్మ నాకు ఎలా చెప్పిందో అలాగే చెప్తాను.

మా పొలం గోదావరి పాయల మధ్య ఉండేది. నూతి పక్క మడి తప్ప మిగతాదంతా పొగాకే. ఆ మడిలో మామ్మ చోళ్ళు (మీరు రాగులంటారే, అవే), వంగ, చిక్కుడు పండించేది. పొలం మొత్తంలో మెత్తటి నేల అదే.

ఒక ఏడాది నారు పోసే ముందు, రాజమండ్రి నుంచి పొగాకు కొనే ఆయన వచ్చాడు. నెమ్మదైన మనిషి. పొలమంతా తిరిగి నూతి దగ్గర ఆగాడు. ఈ మడి కూడా పొగాకే వేస్తే ఆకంతా తానే కొంటానన్నాడు, నారు కూడా తానే పంపుతానన్నాడు. చోళ్ళదేముంది, కొట్లో దొరుకుతాయి అన్నాడు. మా నాన్న తల ఊపేశాడు. మర్నాడే నాగలి కట్టాలని కూడా అనుకున్నారు. మామ్మ అక్కడే చిక్కుడుకాయలు కోస్తోంది. ఆవిడను ఎవరూ అడగలేదు.

"భోంచేసి వెళ్ళండి బాబూ" అని మాత్రం అంది.

ఇద్దరికీ అరిటాకులు వేసి నీళ్ళు చల్లింది. నేను గుమ్మం దగ్గర కూర్చుని చూస్తున్నాను. అన్నం పెట్టాల్సిన చోట ఎండు పొగాకు నలిపి దోసెడు పోసింది. కూర ఉండాల్సిన చోట కాడలు పెట్టింది. పచ్చడి చోట చిన్న ఆకు ముక్క. ఆ తర్వాత నెయ్యి గిన్నె పట్టుకుని వంగింది.

"నెయ్యి వెయ్యనా బాబూ?"

"అమ్మా! మతిగానీ పోయిందేంటే నీకు?" అని నాన్న లేవబోయాడు.

"మన పొలంలో పండిందే పెట్టాన్రా. రేపట్నించి ఇదే కదా పండేది. అలవాటు చేసుకో."

వచ్చినాయన పగలబడి నవ్వాడు. "ఘాటు కొంచెం ఎక్కువైనట్టుందండి మామ్మగారూ!" మామ్మ కూడా నవ్వింది. నాన్న నవ్వలేదు.

ఆ ఆకులు తీసేసి నిజం భోజనం వడ్డిస్తూ మామ్మ తన చిన్నతనం చెప్పింది. వాళ్ళ ఊళ్ళో ఒక దొరగారివి నీలి మొక్కలు నానబెట్టి రంగు తీసే తొట్లు ఉండేవట. విత్తనం దొరే ఇచ్చేవాడు, ఎంత నేలలో వెయ్యాలో దొరే చెప్పేవాడు, ధరా దొరే కట్టేవాడు. ఇంకొకరికి అమ్ముకోకూడదు. మంచి నేలంతా నీలి అయిపోయి, తినే బియ్యం బయటనుంచి కొనుక్కునేవారు. నీలి ఓడెక్కి సీమకు పోయేది. అదే రంగు వేసిన సీమ గుడ్డ మళ్ళీ వాళ్ళ సంతకే వచ్చేది. అక్కడి సాలెలు మగ్గాలు విప్పుకున్నారు. కొన్నాళ్ళకు వేరే దేశంలో నీలం రంగును మందులతో చెయ్యడం మొదలైంది. దొర తొట్లు వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ ఏడాది ఇళ్ళలో గింజ లేదు, తొట్ల దగ్గర మాత్రం ఎవరూ కొనని నీలి బిళ్ళలు మిగిలాయి. ఆకలి మీదున్న మామ్మ నల్లబెల్లం అనుకుని ఒకటి కొరికిందట. పళ్ళు నీలంగా అయ్యాయని ఊరి పిల్లలంతా నవ్వారు. వాళ్ళమ్మ నవ్వలేదట.

"నేను దొరని కాదు కదండీ" అన్నాడు వచ్చినాయన, ముద్ద కలుపుతూ.

"మీరు మంచోరే బాబూ. మీకు ధర ఎవరు చెప్తారు?"

"గుంటూరు నించి కబురొస్తదండి."

"గుంటూరోళ్ళకి?"

"ఓడలోళ్ళు చెప్తారనుకుంటానండి."

"మరి ఆళ్ళకో?"

ఆయన పప్పు బావుందన్నాడు.

మర్నాడు నాగలి నూతి దాకా వచ్చి వెనక్కి తిరిగింది.

ఆ ఏడాది పొగాకు ధర బాగా పలికింది. పొలమంతా వేసిన పక్కింటివాళ్ళు రేడియో కొన్నారు. "నీ చోళ్ళ వల్ల మనకి రేడియో పోయిందే అమ్మా" అని నాన్న దెప్పేవాడు. "పోతే పోనీరా, అంబలి తాగుతా ఆళ్ళ రేడియో వింటాను" అనేది మామ్మ. ఆ తర్వాత కూడా మాకు చోళ్ళే దిక్కైన రోజంటూ రాలేదు. మామ్మ చెప్పినట్టే జరిగింది చూశారా అని మీకు చెప్పలేను. అయినా ఆవిడ బతికున్నంతకాలం ఆ మడిలోకి పొగాకు రాలేదు.

ఇక్కడ ఈ అరబ్బుల దేశంలో, అల్ ఐన్‌లో, నేను వంట చేసే ఇంటి చుట్టూ ఖర్జూరం తోట. వచ్చిన కొత్తలో, గోడ పక్కన కాస్త నేల ఇప్పించమని తోట చూసుకునే ముదీర్‌ను, అంటే ఇక్కడి మేనేజర్ని, అడిగాను. "క్యోం అమ్మా? సూపర్ మార్కెట్ మే సబ్ మిల్తా" అన్నాడు, అన్నీ కొట్లోనే దొరుకుతాయి కదా అని. "మిల్తా బాబూ, ఫిర్ భీ" అన్నాను, దొరికినా సరే కావాలని. నవ్వి, "యల్లా, లే లో" అన్నాడు, సరే తీసుకోమని. అందులో గోంగూర, తోటకూర వేస్తున్నాను. కరోనా రోజుల్లో కూడా మాకు కూరలు దొరుకుతూనే ఉన్నాయి, కాబట్టి అవసరం పడిందా అంటే పడలేదు. ఈ తోటలో ఏ చెట్టు ఉంచాలో, ఏది తీసెయ్యాలో, పండు ఎవరికి పోవాలో అన్నీ ముదీర్ చెప్తాడు. ఆ నాలుగు బారల నేలలో ఏం వెయ్యాలో మాత్రం నేను చెప్తాను.