తేమ మిషన్‌కు దొరికిన మనిషి

సోమనర్సయ్య కేసముద్రం మార్కెట్ యార్డులో దడువాయి. రైతుల బస్తాలు కాంటా మీద తూకం వేయడం అతని పని. అంతకుముందు పద్దెనిమిదేళ్లు అక్కడే హమాలీగా మూటలు మోశాడు. స్టూలు మీద కూర్చున్నాక వీపు మీద బరువు తగ్గింది గానీ, పళ్లెంలో అన్నం తగ్గలేదు. పైగా ఏ సేటు చాయ్ పంపినా తాగాలి. వద్దంటే మొహం మాడ్చుకుంటారు.

మూడు నెలల కింద దవాఖానలో నర్సు షారోన్ అతని రక్తపరీక్ష కాగితం చూసింది.

"షుగర్ ఇంకా రాలేదన్నా, గడప కాడ నిలవడ్డది. ఆరు పాయింట్ రెండు. ఆరున్నరైతే లోపటికొచ్చినట్టే. రోజు అరగంట నడువు. అన్నం సగం జెయ్యి. చాయ్‌ల చక్కెర బంద్ పెట్టు. మూడు నెలలకు మళ్ల రా."

అతనికి అన్న పోశాలు కళ్లముందు మెదిలాడు. షుగర్‌తో అరికాలు మొద్దుబారి, ముల్లు దిగినా తెలియక, పుండు మానక, మోకాలి కింద కాలు తీసేయించుకున్న మనిషి.

ఆ భయంతో నెలరోజులు నడిచాడు. ఇంతలో మొక్కజొన్న సీజన్ వచ్చింది. నడక పోయింది, చాయ్ వచ్చింది. పరీక్ష రెండు రోజులుందనగా భయం మళ్లీ పట్టుకుంది. యార్డులో కొందరు రైతులు కుప్ప పైన ఎండిన మక్కలు పోసి, పచ్చివి అడుగున దాచి తేమ కొలిచే మిషన్‌ను ఏమారుస్తారు. సోమనర్సయ్య కూడా అదే పని చేశాడు. రెండు రోజులు ముద్ద ముట్టలేదు.

"గిప్పుడీ ఉపాసం ఏ దేవునికయ్యా?" అంది భార్య వనజ.

పరీక్షలో ఆరు పాయింట్ నాలుగు వచ్చింది.

"గట్లెట్లయితది సిస్టర్? రెండొద్దులసంది ఏం తినలే!"

"గిది నిన్న మొన్నటి ముచ్చట జెప్పదన్నా. మూడు నెలల కుప్పను అడుగుదాకా తిరగేసి చూస్తది."

రైతుల కుప్పల అడుగు తవ్వించే సేట్ల పక్కన నిలబడి నవ్వినవాడే. ఇప్పుడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చాడు.

యార్డుకు తిరిగొస్తే చాయ్ వచ్చింది. చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాయ్‌ల గూడ తరుగు తీస్తున్నవా దడువాయన్నా?" హమాలీ రాజు అరిచాడు. అందరూ నవ్వారు.

సాయంత్రం ఆటో ఎక్కకుండా ఇంటికి నడక మొదలుపెట్టాడు. స్టేషన్ దాటాక కుడి అరికాలిలో ఏదో చురుక్కుమంది. చెప్పు విప్పి చూశాడు. మక్క గింజ. నొప్పి పుట్టింది, ఇంకా తెలుస్తోంది! గింజ దులిపి కదిలాడు. నాలుగడుగులకోసారి ఆగి, కాలివేళ్లతో నేలను నొక్కి చూసుకుంటూ, ఇంటిదాకా నడిచాడు.