పదిహేడా, పద్దెనిమిదా

అశోక్‌నగర్‌లో విద్యాసాగర్ సార్ ఇంటి పై పోర్షన్‌లో కిరాయికి ఉంటున్నాను కాబట్టి ఆ విమానం పుట్టుకంతా నా కళ్ళ ముందే జరిగింది. కారు ఉండాల్సిన షెడ్డులో రెక్కలు, తోక, ఇంజన్. చిక్కడపల్లి వెళ్ళి కూరగాయలు తెమ్మంటే సంచి సంగతే మర్చిపోయే ఈ ఫిజిక్స్ లెక్చరర్, రిటైరయ్యాక ఇద్దరు పట్టే విమానం కట్టాడంటే చుట్టాలే నమ్మలేదు. కట్టింది ఆయన. నడపాల్సింది మాత్రం పైలట్ చదువు పూర్తి చేసిన కూతురు ఉదయశ్రీ.

అనుమతులన్నీ వచ్చాక ఒక్కటే మిగిలింది. ముందుండే ప్రొపెల్లర్‌ను ఎన్ని డిగ్రీల వంపులో బిగించాలి? దాన్నే పిచ్ అంటారు. నాకు అర్థం కావాలని సార్ స్కూటర్ గేర్లతో చెప్పారు. వంపు తక్కువైతే ఫస్ట్ గేర్‌లాగా చకచకా పైకెక్కుతుంది, వేగం రాదు. ఎక్కువైతే టాప్ గేర్‌లో ఫ్లైఓవర్ ఎక్కినట్టు ఇంజన్ మూలుగుతుంది. నేల మీద బిగించిందే బిగింపు, గాల్లోకి లేచాక మార్చడానికి లేదు. మాకు దొరికిన రన్‌వే ఊరి బయట, చాలా పొట్టిది. దాని చివర నీలగిరి చెట్లు. విమానాన్ని తాళ్ళతో కట్టేసి, ఇంజన్ నడిపి నడిపి చూసి, ఆ చెట్లు దాటాలంటే పదిహేడు డిగ్రీలే అని తేల్చారు సార్.

టిఫిన్ దగ్గర ఆ మాట విన్న సార్ భార్య దమయంతి గారు వేళ్ళ మీద లెక్కపెట్టారు.

"ఒకటి, ఏడు... ఎనిమిది! శని అంకె! బిడ్డ ఎక్కేదానికి ఎనిమిది పెడ్తరా ఎవలన్న? పద్దెనిమిది పెట్టున్రి, తొమ్మిదైతది."

సార్ నవ్వుతారనుకున్నాను. బావమరిది జగదీశ్వర్ కారు నంబరు కూడితే తొమ్మిదే రావాలని పట్టుబడితే, నారాయణగూడ హోటల్లో చాయ్ తాగుతూ అందరికీ చెప్పి చెప్పి నవ్విన మనిషి కదా! నవ్వలేదు. పానా తీసుకుని షెడ్డులోకి నడిచారు.

"సార్, మీరు కూడానా?" నాకు ఒళ్ళు మండింది.

"పద్దెనిమిదికి ఇంజన్ గుంజదని నాకు తెల్సు తమ్మీ. కానీ పదిహేడు పెట్టినంక బిడ్డకు ఏమన్న అయితే, దాని తల్లి మొఖం ఎట్ల జూడాలె?"

పద్దెనిమిదికే బిగించారు. కూతురికి చెప్పలేదు.

ఆదివారం పొద్దున ఉదయశ్రీ మాకు చెయ్యి ఊపి బయల్దేరింది. దమయంతి గారు కళ్ళు మూసుకుని దండం పెడుతున్నారు. విమానం పరుగెడుతోంది గానీ ఇంజన్ గొంతు లేవడం లేదు. సార్‌కు నాకంటే ముందే తెలిసిపోయింది. "ఆపు బిడ్డా, ఆపు" అంటున్నారు, ఆమెకు వినపడుతుందన్నట్టు. చక్రాలు కొంచెం లేచి మళ్ళీ నేలకు కొట్టుకున్నాయి. అప్పుడు ఆమె ఇంజన్ ఆపేసింది. విమానం గడ్డిలోకి దూసుకెళ్ళి చెట్ల ముందు నిలబడిపోయింది. పరుగెత్తాం.

"ఊపందుకోలేదు నాన్నా. పిచ్ ఎంత పెట్టినవ్?"

దమయంతి గారు కూతుర్ని కరుచుకుని ఏడ్చేశారు. "తొమ్మిది పెట్టినం కాబట్టి బతికినవ్ బిడ్డా! ఎనిమిదైతే ఆ చెట్లల్ల పడుతుంటివి!"

ఉదయశ్రీ తల్లి వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. కోప్పడలేదు. విమానం చుట్టూ తిరిగి ఏమీ దెబ్బతినలేదని చూసుకుంది. దాన్ని వెనక్కి నెట్టుకొచ్చాక మళ్ళీ సీట్లో కూర్చుంది. "పదిహేడు పెట్టు నాన్నా."

సార్ నట్లు వదులు చేశారు. వంపు తగ్గించి సరిగ్గా పదిహేడు గీత మీదికి తెచ్చారు. ఇక బిగించడమే. ఆయన చెయ్యి కదల్లేదు.

"జర నువ్వు బిగించు తమ్మీ" అని పానా నా వైపు చాచారు.

ఆ రోజు ఆయన మీద మండిపడ్డ నేను దాన్ని అందుకోలేకపోయాను.

"అయిందా నాన్నా?" లోపలి నుంచి ఉదయశ్రీ అడుగుతూనే ఉంది.