శుభలేఖల ప్రెస్సులో లేదు అన్న మాట

తమ్ముడు పోయాక అతని పనుల్లో నా చేతికి వచ్చింది తెనాలిలోని ఒక శుభలేఖల ప్రెస్సు పని. అక్కడ కార్డులు కూర్చే ప్రోగ్రామ్ అతను రాసిందే. ప్రెస్సు కంప్యూటర్ పాడై కొత్తది కొన్నారు. లినక్స్ మీద ఆ ప్రోగ్రామ్‌ను మళ్లీ ప్యాకేజీగా తయారుచేసి ఎక్కించాలి. నా ఉద్యోగమూ అలాంటిదే కాబట్టి బాపట్లలో రైలెక్కి వెళ్లాను.

ప్యాకేజీ తయారీకి తమ్ముడు వరుసగా ఆదేశాలు రాసిపెట్టిన బిల్డ్ స్క్రిప్టు నడిపాను. ఎక్కడా ఆగలేదు. చివర "శుభం" అని తెర మీద పడింది. తెలుగు కార్డు చక్కగా వచ్చింది.

మధ్యాహ్నం రేపల్లె నుంచి ఒక పెళ్లికూతురి మేనమామ వచ్చారు. వాళ్ల కార్డు ఒకవైపు తెలుగు, ఒకవైపు ఉర్దూ. ప్రెస్సులో ఉర్దూ చదివేవాళ్లు లేరు. ప్రూఫు ఆయనే చూడాలి. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఏంటన్నా ఇది? పిల్ల పేరు వెనక నుంచి మొదలైంది. అక్షరాలేమో ఆస్తి పంపకాలయ్యాక అన్నదమ్ముల్లా ఎడంగా నిలబడ్డాయి."

ప్రెస్సు యజమాని నవ్వలేదు. "ఇవాళ తేలకపోతే వేరే సాఫ్ట్‌వేర్ పెట్టించుకుంటానమ్మా. మీ తమ్ముడి మీద గౌరవం లేక కాదు," అన్నారు నాతో.

ఆ ప్రోగ్రామ్ నడిచేది ఈ ఒక్క చోటే. ఇక్కడ తీసేస్తే తమ్ముడు చేసినదేదీ ఇక వాడకంలో ఉండదు.

స్క్రిప్టు తెరిచాను. కుడి నుంచి ఎడమకు రాసే లిపిని కూర్చడానికి ఒక లైబ్రరీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన ప్రోగ్రామ్ ముక్క, కావాలి. అది దొరక్కపోతే ఉర్దూ అక్షరాలను కలిపి కూర్చే భాగాన్ని వదిలేసి ముందుకు పొమ్మని రాసి ఉంది. తప్పు వచ్చినట్టు కూడా కనపడదు. తమ్ముడి కంప్యూటర్లో ఆ లైబ్రరీ ముందే ఉండటంతో తేడా ఎప్పుడూ బయటపడలేదు.

"ఇలా ఎందుకు రాశాడో తెలుసా బాబాయ్ గారూ?" యజమానిని అడిగాను.

"నేనే రాయమన్నానమ్మా. శుభమా అని కార్డు వేయించుకోడానికి వచ్చినవాళ్ల ముందు లేదు, కాలేదు అని తెర మీద పడితే ఏం బాగుంటుంది? ఈ షాపులో ఇంకు అయిపోయినా లేదనం. తెప్పించాలంటాం."

తమ్ముడు పెద్దవాళ్ల మాట కాదనేవాడు కాదు. స్క్రిప్టుకు ఆ మర్యాద పనికిరాదు. లేనిదాన్ని లేదని చెప్పి ఆగడం దాని పని. తప్పులను దాచే వరుసలన్నీ తీసేశాను. ఏ ఒక్క ఆదేశం విఫలమైనా అక్కడే ఆగేలా రాసి, అదనంగా ఏమీ ఎక్కించని ఖాళీ సిస్టమ్‌లో నడిపాను. వెంటనే ఆగింది. లైబ్రరీ లేదంది. దాని పేరు కావలసినవాటి జాబితాలో చేర్చాను. మళ్లీ ఆగింది. ఉర్దూ ఫాంటు లేదంది. అదీ చేర్చాను.

"ఎన్నిసార్లు లేదంటుందమ్మా అది?" యజమానికి ఇబ్బందిగా ఉంది.

"అననీ అన్నా," అన్నారు మేనమామ. "పెళ్లిలో బిర్యానీ లేదనేకంటే ఇప్పుడే అనడం నయం."

ఈసారి బిల్డు చివరిదాకా వెళ్లింది. కొత్త ప్రూఫు తీసి ఇచ్చాను. ఆయన కాగితం కుడి అంచున వేలు పెట్టి పిల్ల పేరు, తండ్రి పేరు, తాత పేరు పైకి చదివారు. తాత పేరులో ఒక చుక్క తక్కువైతే పెన్నుతో పెట్టారు. అది టైపులో జరిగిన తప్పు, ప్రోగ్రామ్‌ది కాదు. "ఇది దిద్ది వేసేయండి," అని సంతకం చేశారు.

యజమాని ఇంకో సాఫ్ట్‌వేర్ మాట ఎత్తలేదు. స్క్రిప్టులో, రాసినవారు అన్నచోట తమ్ముడి పేరు అలాగే ఉంచాను. కింద, చూసుకునేవారు అన్నచోట నా పేరు రాశాను.