మంచమంత ఎత్తు కర్ర

మా మావయ్య పోయాడు. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్న, ఒడిశాలో బరంపురం పేట గోసాని నువాగాంలో వాళ్ళింటి అరుగు మీద కూర్చుని టీ తాగి, గ్లాసు కింద పెట్టి, అలాగే గోడకి వాలిపోయాడట. "మీ మావయ్య పలకట్లేదే" అని అత్త ఫోన్ చేసింది. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను గానీ ముందు కోపమే వస్తోంది. ఒక్క కారు కోసం నన్ను రెండేళ్ళు తిప్పాడు. ఆ కారు కొనకుండానే పోయాడు.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. రైల్వేలో సిగ్నళ్ళు బాగుచేసే పని చేసి రిటైరయ్యాడు. పిల్లల్లేరు. అత్త మోకాళ్ళు అరిగిపోయాయి. ఆవిడకి ఆటో ఎక్కడమే కష్టం, బస్సు మెట్టు మాట అడగొద్దు. ఆవిడ అక్క రామయ్యపట్నంలో ఎండుచేపల వ్యాపారం చేస్తుంది. ఆ అక్క గుమ్మం తొక్కి మూడేళ్ళయిందని అత్త ఒకసారి కళ్ళు తుడుచుకుంది. నిన్ను మన కార్లో మీ అక్క గుమ్మం ముందు దింపుతానని మావయ్య ఆరోజే మాటిచ్చాడు. ఆయనకి డ్రైవింగ్ రాదు. నాకొచ్చు. అలా ఇరుక్కున్నాను.

ఆయన పట్టుబట్టిన కంపెనీ ఏమో, మా కార్లు కుర్రాళ్ళ కోసమే అని చెప్పుకునే కంపెనీ. షోరూం గోడల నిండా చిరిగిన జీన్సులేసుకుని గాల్లోకి ఎగురుతున్న పిల్లల బొమ్మలు. కారు ఒళ్ళు ఒక రంగు, నెత్తి ఇంకో రంగు. ధర మనకి అందేది ఇక్కడేనే అనేవాడు. మొదటిసారి వెళ్ళినప్పుడు అక్కడి అమ్మాయి ఒడియాలో, కారు ఎవరికి, మీ అబ్బాయికా అని అడిగింది. నాకే అన్నాడు పంచె సర్దుకుంటూ. ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంది. నేనూ ఆపుకున్నాను.

చూడాల్సినవి రెండే రెండు చిన్న కార్లు. ఒకటి పొట్టిది, డిక్కీ పెద్దది, మైలేజీ ఎక్కువ. ఇంకోటి ఎత్తుది, డిక్కీ చిన్నది. మావయ్య చేతిసంచిలోంచి ఒక కర్ర తీశాడు. ఇంట్లో ఏ మంచం మీంచైతే అత్త చెయ్యి ఊతం లేకుండా లేవగలదో, సరిగ్గా ఆ మంచం ఎత్తుకి కోసిన కర్ర. దాన్ని సీటు పక్కన నిలబెట్టి చూశాడు. పొట్టి కారు సీటు జానెడు కిందకుంది. ఎత్తు కారు సీటు కర్రతో సమానంగా ఉంది. మొదటి రోజే తేలిపోయింది కదా, ఇంకేం కావాలి?

ఆయనకి కావాలి. పాత కేలండరు కాయితాల వెనక గీత గీసి, అటు పొట్టిది, ఇటు ఎత్తుది అని రాస్తూనే ఉండేవాడు. పొట్టిదాని డిక్కీలో రెండు చేపల బుట్టలు పడతాయట, ఎత్తుదాన్లో ఒకటేనట. కొత్త కార్లో ఎండుచేపలు ఎవరు పెడతారు మావయ్యా అని చిరాకుపడితే, "అది మీ అత్తకి పుట్టింటి వాసనే" అన్నాడు. పోనీ పొట్టిదే తీసుకో అంటే మళ్ళీ కర్ర చూపించేవాడు. తొందరపెడితే ఉద్యోగం గుర్తొచ్చేది. "సిగ్నల్ ఇచ్చాక బండి ఆగదే అమ్మా. ఇచ్చే ముందే సూడాలి."

అది చాలదన్నట్టు రోజుల గొడవ. మంగళవారం కొత్త పని వద్దు. గురువారం లక్ష్మి ఇల్లు దాటకూడదని పక్కింటి ఒడియా వాళ్ళ పట్టింపు. శుక్రవారం దాటకూడదని మన పట్టింపు. శనివారం ఇనుము కొనకూడదు. ఆదివారం కాయితాల పని జరగదు. మిగిలిన సోమవారం, బుధవారాల్లో మన పంచాంగం సరే అంటే ఒడియా పాంజి ఒప్పుకోదు, పాంజి ఒప్పుకుంటే మనది వద్దంటుంది. ఏదో ఒకటి చూసుకోవచ్చు కదా అన్నాను, తల బాదుకుంటూ. పుట్టింది తెలుగోళ్ళకి, తింటున్నది ఈ నేల మీద, ఎవరికీ కోపం రాకూడదన్నాడు. ఊళ్ళో ఒడియా వాళ్ళు ఒక పంచాంగంతో బతుకుతున్నారు, ఆంధ్రాలో మనవాళ్ళు ఒక పంచాంగంతో బతుకుతున్నారు. మా మావయ్యకి మాత్రం రెండూ కావాలి. ఇంతా చేసి అది భక్తి కాదు, భయమని ఇప్పుడనిపిస్తోంది. జన్మలో కొత్త బండి అంటూ కొనుక్కోని మనిషి.

ఆయన పోయే ముందు బుధవారం పొద్దున్నే ఫోన్ చేశాడు.

"ఇయ్యాల రెండూ కుదిరాయే. ఎత్తుదే తీసుకుందాం. ఎల్దాం, రా."

ఇలాంటి ఫోన్లు ఎన్ని విన్నానో. తీరా వెళ్ళాక మళ్ళీ పొట్టిదాని డిక్కీ తెరిపిస్తాడు. పైగా ఆరోజు ఛత్రపురంలో మా ఆఫీసుకి ఆడిట్ వాళ్ళొస్తున్నారు. రెండేళ్ళు ఆగిన కారు వచ్చే బుధవారం దాకా ఆగదా మావయ్యా అని విసుక్కున్నాను.

"ఆగుద్దిలే అమ్మా" అన్నాడు.

కారు ఆగింది. ఆ ఆదివారమే ఆయన పోయాడు. అందుకే ఈ కోపంలో ఎంత ఆయన మీదో, ఎంత నా మీదో నాకే తెలీదు.

కర్మలయ్యాక, నిద్ర చెయ్యడానికి రమ్మని రామయ్యపట్నం నుంచి అక్క కబురు పెట్టింది. భర్త పోయినావిడ ముందుగా పుట్టింటివాళ్ళ దగ్గర ఒక రాత్రి పడుకుని రావాలి కదా. ఎలా వెళ్తావత్తా, టాక్సీ మాట్లాడనా అన్నాను. మీ మావయ్య చెప్పిన కార్లోనే వెళ్తానంది. ఇప్పుడే బయల్దేరు, షోరూంకెళ్దాం అంది. ఆరోజు శనివారం. నేనైనా నోరు మూసుకుని ఉండొచ్చు కదా, శనివారం ఇనుము కొనకూడదత్తా అనేశాను. అత్త నా వైపు చూసింది.

"ఆయన పోడానికి ఏ రోజు సూసుకున్నాడే?"

ఎత్తు కారే తీసుకున్నాం. కాయితాలన్నీ అయ్యి చేతికొచ్చాక అత్తని రామయ్యపట్నం తీసుకెళ్ళాను. అక్క గుమ్మం ముందు ఆపితే, అత్త ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తనే దిగింది. అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే నేను స్టీరింగు పట్టుకుని ఏడ్చాను.

మర్నాడు బయల్దేరేటప్పుడు అక్క రెండు బుట్టల ఎండుచేపలు తెచ్చింది. డిక్కీలో ఒకటే పట్టింది. ఎలా తిప్పి పెట్టినా ఒకటే. రెండోది వెనక సీట్లో పెట్టాం. అది ఒరిగిపోకుండా అత్త తన సంచిలోంచి ఆ కర్ర తీసి, బుట్టకీ తలుపుకీ మధ్య అడ్డంగా బిగించింది. బరంపురం దాకా కర్ర కదల్లేదు. కొత్త కారు నిండా ఎండుచేపల వాసన. అద్దం దించనా అని అడిగితే అత్త వద్దంది.