టైర్ల కింద నిమ్మకాయలు

మా అన్నయ్య పికప్ బండి జగ్గయ్యపేట పక్కన ఊళ్లో, వాళ్లింటి రేకుల షెడ్డులో నాలుగేళ్లు కదలకుండా ఉండిపోయింది. పాడైపోయి ఆగిన బండి కాదది. పూజ చేసి ఆపిన బండి.

ఆ రోజు దసరా. అన్నయ్య పొద్దున్నే బండి కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశాడు. కొబ్బరికాయ కొట్టాడు. టైరుకొక నిమ్మకాయ చొప్పున నాలుగూ పెట్టాడు. ఇక బండిని ముందుకు నడిపి వాటి మీదుగా ఎక్కిస్తే పూజ పూర్తవుతుంది. నేను నందిగామలో లెక్కల మాస్టారిని. ఆ వేసవి సెలవుల్లోనే ఆయన నాకు ఆ బండి మీద డ్రైవింగ్ నేర్పాడు. నేర్పుతూ తిట్టినన్ని తిట్లు మా నాన్న కూడా తిట్టి ఉండడు.

“ఈసారి నువ్వెక్కించరా తమ్ముడూ. క్లచ్ మాత్రం ఒక్కసారే వదిలెయ్యకు, నిమ్మకాయ బదులు గోడెక్కుద్ది” అన్నాడు.

“టిఫిన్ చేశాక ఎక్కిస్తాలే” అన్నాను. లోపల వదిన గారెలు వేస్తోంది. వాసన షెడ్డు దాకా వస్తోంది.

నేను మూడో గారె తింటుండగా ఆయన షెడ్డు ముందున్న మంచం మీద కూలబడి గుండె పట్టుకున్నాడు. పక్కింటివాళ్ల కారులో వేసుకుని విజయవాడ బయలుదేరాం. నందిగామ దాటకముందే అంతా అయిపోయింది.

వాళ్లకు పిల్లలు లేరు, కర్మ నేనే చేశాను. చెప్పినవన్నీ చెప్పినట్టు చేశాను. వేదాద్రిలో ఏట్లో అస్థికలు కలిపి, తడిబట్టలతో బయటికొచ్చి, పంతులు గారికి చిల్లర ఉందా లేదా అని చూసుకున్నాను. ఏడుపు రాలేదు. దినం అయిన మర్నాడు బడికెళ్లి వర్గ సమీకరణాలు చెప్పాను, ఒక్క తప్పు పోలేదు. “ఒకసారి ఏడవండి, తేలికవుద్ది” అని మా ఆవిడ బతిమాలింది. ఏడవడం ఏమైనా ఇంటిపనా, చేద్దామనుకుంటే చెయ్యడానికి? పంటి డాక్టరు సూది వేశాక బుగ్గ ఎలా ఉంటుందో, నాకు ఒళ్లంతా అలా ఉండేది. ఉందని తెలుస్తుంది, నాది అనిపించదు. నాలుగేళ్లు అలాగే ఉంది.

బండి సంగతికి వస్తే, అది సగం పూజలో ఆగిన బండి. నిమ్మకాయలు తీసేస్తే అరిష్టమని ఒకరన్నారు. ఇంటి మనిషే ఎక్కించాలని ఇంకొకరన్నారు. సంవత్సరీకం అయ్యేదాకా ఎవరూ ముట్టుకోవద్దని పెద్దాయనెవరో తేల్చారు. సంవత్సరీకం అయింది. అప్పటికి ముట్టుకోకపోవడమే అందరికీ అలవాటైంది. ఇంటి మనిషంటే ఇక నేనే. ఎప్పుడు వెళ్లినా షెడ్డుకు వీపు పెట్టి కూర్చునేవాణ్ని. ఎక్కించమని అన్నయ్య నాతో అన్నమాట ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడక్కూడా. గారెల కోసం వాయిదా వేశానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

వదిన రోజూ షెడ్డు ఊడ్చేది. టైర్ల దగ్గరికి రాగానే చీపురు పక్కకు తిప్పేది. ఆవిడకూ పట్టింపులున్నాయనుకున్నాను.

అన్నయ్య పోయిన రెండో ఏడు వదిన ఇంటి వెనక చేలో నీడకు షేడ్‌నెట్ వేసి మిరప నారు పెంచడం మొదలుపెట్టింది. చుట్టుపక్కల రైతులే వచ్చి పట్టుకుపోయేవాళ్లు. ఈ ఏడు మైలవరం వైపు రైతులు మొత్తం నారు మాట్లాడుకున్నారు, తెచ్చి ఇచ్చేట్టయితేనే అన్నారు. వస్తానన్న అద్దె బండివాడు ఆఖర్న చెయ్యిచ్చాడు. ఆ అదనులో ఇంకో బండి దొరకడం జరిగే పని కాదు. నారుకు నలభై రోజులు నిండుతున్నాయి. ముదిరిన నారును ఏ రైతూ ముట్టుకోడు.

వదిన ఫోన్ చేసింది.

“ఆదివారంలోపు మన బండి తియ్యాలి. ఒకసారి రా.”

“అది స్టార్టవుద్దా వదినా?”

“అవ్వకపోతే ఈ నారు గట్టున పోసేసి, షేడ్‌నెట్ పీకించి, చేను కౌలుకిచ్చి మా పుట్టింటికి పోతా. ఇంక నావల్ల కాదు.”

ఆవిడ బెదిరింపులు తెలిసిన మనిషి కాదు. “మరి నడిపేదెవరు?” అన్నాను.

“నేనే.”

ఈ వేసవంతా బ్యాంకు పనంటూ వారానికి రెండుసార్లు నందిగామ వచ్చి, మా ఇంట్లో భోంచేసి వెళ్లింది. వచ్చింది డ్రైవింగ్ స్కూలుకట. లైసెన్సు కూడా చేతికొచ్చిందట. మా ఇంట్లో మా పప్పుచారు తింటూ ఒక్క ముక్క బయటపెట్టలేదు. నాకు నవ్వు రావాల్సింది. రాలేదు. సెలవు చీటీ రాసిచ్చి బస్సెక్కాను.

తెలంగాణ సరిహద్దులో గరికపాడు దాబాల పక్కన లారీలు బాగుచేసే పెద్దాయన్ని పిలిపించింది వదిన. ఆయన బానెట్ ఎత్తగానే ఎలుకల గూడు కనబడింది, గోనెపీచు, బంతిపూల ఎండు రెక్కలు. మా పూలదండనే తెచ్చి పరుచుకున్నాయి. వైర్లు కొన్నిచోట్ల కొరికేశాయి. బ్యాటరీ చచ్చిపోయింది. ట్యాంకులో డీజిల్ ముక్కిపోయి, రంగు డబ్బా మూత తీసినట్టు కంపు కొట్టింది. టైర్లు గాలి దిగి, నిమ్మకాయల్ని అంచుతో నొక్కిపట్టి కూర్చున్నాయి. అవి నల్లబడి, ఎండి, కుంకుడుకాయల్లా గట్టిపడ్డాయి.

ఆయన చక్రం విప్పడానికి కూర్చుని చేత్తో ఒక నిమ్మకాయను పక్కకు తోయబోయాడు.

“వాటిని కదపొద్దు” అంది వదిన.

“పని ఎట్ల జెయ్యాలమ్మా మరి?”

“వాటిని అక్కడే ఉంచి చెయ్యండి.”

ఆయన నావైపు చూశాడు. నేను నేల చూపులు చూశాను. చేసేదిలేక ఒక్కో చక్రానికీ జాకీ పెట్టి లేపి, విప్పి, పట్టేసిన బ్రేకులు వదిలించి, గాలి కొట్టించి, మళ్లీ సరిగ్గా నిమ్మకాయ వెనక్కే దించాడు. బండి జారకుండా రాళ్లు పెట్టాడు. ఒక రోజులో అయ్యే పని రెండు రోజులైంది. వదిన మధ్యమధ్యలో వచ్చి చూసి, నారుకు నీళ్లు పెట్టడానికి వెళ్లిపోయేది.

మూడో రోజు కొత్త బ్యాటరీ పెట్టి, ఫిల్టర్లు మార్చి, కొత్త డీజిల్ పోశాం. డీజిల్ పైపుల్లో గాలి పట్టిందని, అది పోయేదాకా ఫిల్టరు మీది చిన్న చేతిపంపును బొటనవేలితో నొక్కుతూ ఉండమని నాకు పని అప్పజెప్పాడు. బొటనవేలు బొబ్బెక్కింది. నొప్పి తెలుస్తోంది, ఎవరి వేలో అన్నట్టుగా. ఆయన తాళం తిప్పాడు. మూలిగి ఆగింది. మళ్లీ తిప్పాడు, మళ్లీ ఆగింది. వదిన చేతిలో నీళ్ల చెంబుతో అలాగే నిలబడిపోయింది.

“పరేషాన్ గాకుండ్రి, ఇంజన్ మంచిగనే ఉంది” అంటూ ఇంకోసారి తిప్పాడు. నల్లటి పొగ షెడ్డంతా కమ్మేసింది. బండి ఒళ్లంతా దడదడలాడించి అందుకుంది. అదే చప్పుడు. సెలవుల్లో నన్ను డ్రైవింగ్‌కు లేపడానికి పొద్దున్నే అన్నయ్య కావాలని ఎక్కువ చేసే చప్పుడు. అందరం దగ్గుతున్నాం. వదిన మొహం తుడుచుకుంది, చెమటో మరోటో నాకు తెలియదు.

పెద్దాయన రాళ్లు తీసేసి, “ఎవరన్న ముంగటికి గుంజుండ్రి” అన్నాడు.

“వదినా, ఎక్కు. నీ బండి” అన్నాను.

ఆవిడ కదల్లేదు. “నువ్వెక్కు” అంది.

“నేనెందుకు? నడిపేది నువ్వేగా.”

“నేను నడుపుతా. నిమ్మకాయలు నువ్వెక్కించాలి. మీ అన్నయ్య చెప్పింది నీకు.”

ఇంజను మోతలో తప్పు విన్నానేమో అనుకున్నాను. ఆవిడ మొహం చూస్తే కాదని తెలిసింది. ఆ రోజు వంటింటి కిటికీ తెరిచే ఉంది. మా మాటలన్నీ విన్నది. చీపురు పక్కకు తిప్పింది పట్టింపుతో కాదు.

“తెలిసి ఇన్నేళ్లు అడగలేదేం వదినా?”

“టిఫిన్ చేశాక ఎక్కిస్తానన్నావు కదా” అంది. “నీకెప్పుడు అవుద్దా అని చూస్తున్నా.”

కోపం లేదు ఆ గొంతులో. అదుంటే తట్టుకునేవాణ్ని. ఎక్కి కూర్చున్నాను. మొదటి గేరు వేశాను. ఒక్కసారే వదల్లేదు, మెల్లగా, మెల్లగా వదిలాను. బండి ముందుకు కదిలింది. నాలుగు టైర్లూ నిమ్మకాయలు దాటాయి. నలిగిన చప్పుడేదీ వినబడలేదు. వదిన వంగి చూసి, అయ్యిందన్నట్టు చెయ్యి ఊపింది.

“ఇంజన్ బంద్ చెయ్యకుండ్రి” అని అరిచాడు పెద్దాయన.

ఎడమకాలు క్లచ్ మీద గజగజ వణుకుతోంది. ఎంత నొక్కిపట్టినా ఆగలేదు. కాలి నుంచి నడుముకు, నడుము నుంచి గొంతుకు పాకింది.

వదిన తలుపు దగ్గరికొచ్చి, “దిగు, నారు ఎక్కించుకోవాలి” అంది.

“దిగుతున్నా” అన్నాను. స్టీరింగ్ మీద తల పెట్టుకుని అక్కడే ఉండిపోయాను. ఆవిడ ఇంకోసారి దిగమనలేదు. నారు ట్రేలు ఒక్కొక్కటే తెచ్చి వెనక సర్దుతుంటే బండి కొంచెం కొంచెంగా బరువెక్కడం నాకు తెలుస్తూనే ఉంది.